జలభయమా, నీళ్ళంటే భయమా?

సందేహం: మా ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రాజెక్టు పనిగా రకరకాల ఫోబియాల పేర్లు సేకరించమన్నారు. ఇంగ్లీషులో ఎత్తుకో పేరు, నీటికో పేరు, సాలెపురుగుకో పేరు ఉన్నాయి. తెలుగులో చూస్తే అన్నిటికీ ‘భయం’ ఒక్కటే దిక్కు. మన భాష ఇంత పేదదా అని పిల్లలు అడుగుతున్నారు. ఉన్నతభయం, జలభయం, అగ్నిభయం, బంధనభీతి అని నేనే కొన్ని తయారుచేశాను. ఇవి సాధువులేనా? అలాగే ‘భయస్తుడు’, ‘భయస్థుడు’ – ఏది ఒప్పు?
– ఒక ఉపాధ్యాయిని, తెనాలి

సమాధానం: అమ్మా, పిల్లల చేత తెలుగు మాటలు వెతికిస్తున్నందుకు ముందుగా అభినందనలు. మీరు తయారుచేసిన మాటల మీద మాత్రం నాకు పేచీ ఉంది.

‘ఉన్నతభయం’ వినగానే తెలుగువాడికి తట్టేది ఉన్నతమైన భయం, అంటే చాలా గొప్ప భయం. మేడ అంచున నిలబడితే కళ్ళు తిరగడం అందులో ఎక్కడా కనిపించదు. ‘అగ్నిభయం’ ఇంకా చిక్కు. ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నవాళ్ళను అడగండి. ఈ ఏడు చోరాగ్ని భయాలు ఎక్కువ అని సిద్ధాంతిగారు చదివితే, జనం అగ్గిపుల్ల చూసి వణికిపోతారని కాదు, దొంగతనాలూ ఇళ్ళు తగలబడడాలూ ఎక్కువవుతాయని. సంస్కృతంలో భయమంటే మనసులో పుట్టే బెదురూ అవును, బయటినుంచి వచ్చే ప్రమాదమూ అవును. పాణిని ‘భీత్రార్థానాం భయహేతుః’ అని భయానికి కారణమైనదాన్ని అపాదానం, అంటే పంచమీ విభక్తి పట్టే కారకం, చేశాడు. చిన్నయసూరి అదే దారిన ‘వలన’ పెట్టించాడు. బడిలో పంచమీ తత్పురుషకు మీరు చెప్పే ‘దొంగభయం’ కూడా దొంగంటే జడుసుకునే జబ్బు కాదు గదా, ఊళ్ళో దొంగలు పడుతున్నారనే గదా! ఆ లెక్కన జలభయం వరదకు పేరవుతుంది, ఈతకొలను మెట్ల మీద ఏడిచే పిల్లవాడికి కాదు. ‘ప్రాణభయం’ మరీ విడ్డూరం. అక్కడ భయం ప్రాణం వలన కాదు, ప్రాణం పోతుందని.

‘భీతి’ సంగతీ అంతే. పాపభీతి, దైవభీతి మనకు తరతరాలుగా మెచ్చుకోలు మాటలు. ‘ఆయన పాపభీతి గలవాడు’ అంటే నమ్మి అప్పిచ్చేవాళ్ళున్నారు. దాన్ని తెచ్చి రోగాల పట్టికలో కూర్చోబెడితే ఎలా?

ఇక మన భాష పేదదా అన్న ప్రశ్న. పిల్లలు అడిగితే సరే, పెద్దలూ అలాగే అనుకుంటేనే నాకు కష్టంగా ఉంటుంది. ఇంగ్లీషు పట్టిక భయాన్ని ఎదుటి వస్తువును బట్టి విడదీసింది. సాలెపురుగైతే ఒక పేరు, పిడుగైతే ఇంకో పేరు, పదమూడో అంకె అయితే మరొకటి. ఈ పద్ధతిలో ప్రపంచంలో ఎన్ని వస్తువులుంటే అన్ని పేర్లు పుట్టించవచ్చు, పుట్టిస్తున్నారు కూడా. అది సంపద కాదు, గ్రీకు ప్రత్యయం చేసే గారడీ. తెలుగు అలా కాదు. భయం ఒంటి మీద ఎక్కడ పడుతుంది, ఎంతసేపుంటుంది, ఎవరి ముందు పుడుతుంది అని చూసి పేరు పెట్టింది.

దీనికి పోతన కన్నా పెద్ద సాక్షి నాకు దొరకడు. గజేంద్రుడు మొసలి నోట చిక్కి మొరపెట్టుకున్న పద్యం తెలుగువాళ్ళందరికీ నోటికి వచ్చు:

లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్,
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ, మన్నింపం దగున్ దీనునిన్,
రావే ఈశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

మనకు తెలిసిన పద్యాల్లో ఇంత భయపడ్డ పద్యం ఇంకొకటి చూపించండి. ఇప్పుడు ఇందులో భయం అనే మాట ఎక్కడుందో వెతకండి. భయం లేదు, భీతి లేదు, వెఱపు లేదు, బెగడు లేదు. అమరకోశం రాసిన అమరసింహుడు దరం, త్రాసం, భీతి, భీ, సాధ్వసం, భయం అని ఒక్క వరుసలో ఆరు పర్యాయపదాలు పరిచి పెట్టాడు. అవన్నీ పోతనకు తెలియవా? ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ఏం చేశాడు? బలం పోయింది అన్నాడు. ధైర్యం ‘విలోలం’ అయింది అన్నాడు, అంటే పోలేదు, ఊగుతోంది. పోతే ఒక బాధ, ఊగుతూ ఉండడం ఇంకా పెద్ద బాధ. ప్రాణాలు ‘ఠావులు’ తప్పాయి అన్నాడు. ప్రాణం ఒకటి కాదు, అయిదు. ఒక్కొక్కదానికి ఒంట్లో ఒక్కొక్క ఠావు. అన్నీ ఒకేసారి చోటు తప్పితే గుండె గొంతులోకి వస్తుంది, ఊపిరి అందదు, కడుపులో ఖాళీ. పై ప్రాణాలు పైనే పోయాయని మనం రోజూ అనే మాటకు ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు. తరవాత మూర్ఛ, ఆ తరవాత ఒళ్ళు డస్సిపోవడం. పానిక్ అటాక్ లక్షణాలని డాక్టర్లు చెప్పే గుండెదడ, ఊపిరాడకపోవడం, కళ్ళు తిరిగి పడిపోతామనిపించడం, ఈ రెండు పాదాల్లో ఇంచుమించు అదే క్రమం.

ఇది వేయేళ్ళ పోరాటం తరవాతి అలసటే గాని భయం కాదు అనే వాళ్ళున్నారు. ‘శ్రమంబయ్యెడిన్’ దగ్గర వాళ్ళ మాట కొంత చెల్లుతుంది. అలసినవాడి ధైర్యం ఎందుకు ఊగాలో మాత్రం వాళ్ళు చెప్పరు.

అదే కథలో నాలుగడుగులు ముందుకెళ్తే లక్ష్మీదేవి. స్వామి చెప్పాపెట్టకుండా, పట్టుకున్న పైటకొంగు కూడా వదలకుండా బయలుదేరాడు. ఏమిటని అడగాలి, అడిగితే బదులు చెప్పడేమో:

అడిగెదనని కడువడిఁ జను
నడిగినఁ దన మగుడ నుడువఁడని నడ యుడుగున్
వెడవెడ చిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

దీన్ని అనుప్రాస కోసం రాసిన పద్యమని చెప్పి వదిలేస్తారు. పైకి ఒకసారి చదవండి. డకారాల మీద నాలుక ఎక్కడెక్కడ తట్టుకుంటుందో అక్కడక్కడే ఆవిడ అడుగు ఆగుతుంది. ముందుకు ఒక అడుగు, ఆగడం, మళ్ళీ అడుగు, కాళ్ళు మొద్దుబారడం. ‘జడిమ’ అంటే ఆ మొద్దుబారడమే. ఇది గజేంద్రుడి భయం కాదు. ఇక్కడ ప్రాణానికి ముప్పేమీ లేదు, మాట పెగలదు, అంతే. దీనికి తెలుగులో పేరుంది: జంకు. ఆ మాటా పోతన వాడలేదు, చేసి చూపించాడు. ఒకే కథలో రెండు భయాలు, ఒకటి ప్రాణాల్లో, ఒకటి పాదాల్లో. మీరు పిల్లలకు ఫోబియాల పట్టిక కాక ఈ రెండు పద్యాలు పక్కపక్కన పెట్టి చదివిస్తే నేను ఎక్కువ సంతోషిస్తాను.

గ్రీకువాళ్ళనూ తక్కువ చేయకూడదు. హోమరు కావ్యంలో ‘ఫోబొస్’ అంటే మనసులో భయం కన్నా ముందు యుద్ధంలో వెన్ను చూపి పరుగెత్తడం. వాళ్ళూ మొదట కాళ్ళను చూసే పేరు పెట్టారు. యుద్ధదేవత ఏరీస్ కొడుకు పేరు ఫోబొస్. 1877లో అంగారకుడి చుట్టూ రెండు చందమామలు కనిపిస్తే ఒకదానికి ఆ పేరే పెట్టారు. ‘ఫోబియా’ను తోకగా చేసి కనబడ్డ ప్రతి మాటకూ తగిలించే అలవాటు 19వ శతాబ్దపు డాక్టర్లది. ఇరుకు చోటంటే పుట్టే భయానికి పెట్టిన క్లాస్ట్రోఫోబియా అయితే లాటిన్ తలకు గ్రీకు తోక, మన వ్యాకరణంలో వైరిసమాసం అనదగ్గది. వాళ్ళకు లేని పట్టింపు మనకెందుకు అని అడగకండి. నాకుంది.

మిగిలిన తెలుగు మాటలు త్వరగా చెప్పేస్తాను. బెదురు ముందు పశువుది. తాటాకు చప్పుళ్ళ సామెత మీకు తెలిసిందే. బెరుకు కొత్త మనుషుల దగ్గర. గుబులుకు కారణం ఉండనక్కర్లేదు. బెంగ మనిషి దగ్గర లేనందుకు. దడుపు పసిపిల్లలది, దానికి జ్వరమూ ఉంది, అంత్రమూ (తాయెత్తు) ఉంది. హడలు తనకన్నా పైవాడి ముందు. ‘కొంకు’ విడిగా చచ్చిపోయి జంకుగొంకుల్లో గసడదవాదేశం చాటున బతుకుతోంది. త్రాసం ఉరుము ఉరిమినప్పుడు కలిగే ఉలికిపాటు. నాట్యశాస్త్రం రాసిన భరతుడు దాన్ని వచ్చిపోయే వ్యభిచారి భావాల్లో చేర్చి, భయాన్ని నిలిచి ఉండే స్థాయిగా వేరే ఉంచాడు.

ఇన్ని ఉండగా పత్రికల్లో ‘లెక్కల ఫోబియా’, ‘ఇంటర్వ్యూ ఫోబియా’ అని రాస్తున్నారు. లెక్కలంటే భయం అంటే ఏం తక్కువైంది? నిజానికి మీరు వెతుకుతున్న ప్రత్యయం ఈ ‘అంటే’లోనే ఉంది. పామంటే భయం, చీకటంటే భయం, సూదంటే భయం. పాము కరిస్తే కాదు, కనబడితేనూ కాదు, ‘పాము’ అంటే చాలు. వస్తువు ఎదుట లేకపోయినా పేరు చెవిన పడగానే పుట్టే భయమని ఆ వాక్యమే చెబుతోంది. డాక్టర్లు ఫోబియాకు చెప్పే లక్షణాల్లో తలపుకు వస్తేనే వణకడం ఒకటి కాదా? అందుకే మన పల్లెల్లో రాత్రిపూట పామును పాము అనరు, ‘పురుగు’ అంటారు. మశూచిని ‘అమ్మవారు’ అన్నారు. వ్యాకరణం ‘వలన’ పెట్టమంది, జనం ‘అంటే’ పెట్టుకున్నారు. ఈ ఒక్కచోట నేను జనం పక్షం.

పైగా ఈ ‘అంటే’ తరవాత భయమే రావాలని లేదు. ఇంగ్లీషు ఫోబియాల్లో కొన్నిట్లో అసలు భయమే లేదు. ఫోటోఫోబియా వచ్చిన కంటికి వెలుతురు పడదు, అంతే. జెనోఫోబియాలో పరాయివాళ్ళంటే గిట్టదు. వీటిని వెలుతురుభయం, విదేశీభయం అని అనువదించేవాళ్ళను ఏమనాలో నాకు తెలుసు గాని, ఇక్కడ రాయను.

అయితే వైద్యగ్రంథం రాసేవాడికి వాక్యంతో పని జరగదు, నామవాచకం కావాలి. ఆ భయం కారణానికి మించినదై, ఆరు నెలలో అంతకు పైగానో వదలకుండా బతుకుకు అడ్డం పడితేనే వాళ్ళు దాన్ని ఫోబియాగా లెక్కిస్తారు. మామూలు భయానికీ దానికీ తేడా చూపే మాట ఉండాలనడం న్యాయమే. హిందీవాళ్ళు ‘దుర్భీతి’ చేసుకున్నారు. నా చెవికి అది శాపంలా వినిపిస్తుంది. సుశ్రుతుడు పిచ్చికుక్క కరిచినవాడు నీళ్ళు చూసి అదిరిపడడాన్ని ‘జలత్రాసం’ అన్నాడు, అది వస్తే ఇక బతకడనీ చెప్పాడు. ఇంగ్లీషు డాక్టర్ల హైడ్రోఫోబియా కూడా ముందు ఆ జబ్బు లక్షణమే. కాబట్టి ఆ మాటను ఈత రాని పిల్లలకు అంటగట్టవద్దు. శాస్త్రానికి ‘త్రాసం’ తగిన ప్రత్యయమే. కాని ఇవాళ తెలుగువాడికి త్రాసు అంటే తూకం వేసేది, ఎత్తుత్రాసం అంటే ఎంత బరువని అడుగుతాడు.

నాకు మనసున్నది ‘వెరపు’ మీద. శకటరేఫతో వెఱపు అని రాసేవాళ్ళం. తమిళంలో వెరువు, పాత కన్నడంలో బెర్చు దీని తోబుట్టువులు. పిట్టల్ని బెదిరించడానికి చేలో నిలిపే బొమ్మను కన్నడిగులు బెర్చప్ప అంటారు, తమిళులు వెరుళి అంటారు. ఆ వెరుళినే ఫోబియాకు వాడుతున్నవాళ్ళు తమిళంలో ఉన్నారు. ఆశ్చర్యమనే అర్థంలో మనకున్న ‘వెఱగు’ కూడా ఈ ఇంటిదే కావచ్చు. భయమూ ఆశ్చర్యమూ ఒళ్ళు ఒక్కలాగే బిగుసుకునేలా చేస్తాయి గనక నాకు అలా తోస్తుంది, పట్టుబట్టను. నీటివెరపు, ఎత్తువెరపు, చీకటివెరపు: సమాసం కుదిరింది, ప్రమాదమనే అర్థం అడ్డురాదు, పాపభీతితో తగువు లేదు. వాడుకలో లేని మాటను బతికించడం నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. అందాకా వైద్యులు ఫోబియా అనే అనుకుంటే నేను కోప్పడను. మిగిలినవాళ్ళు అంటే మాత్రం కోప్పడతాను.

చివరిది. సంస్కృత ప్రత్యయం అనుకుంటే గృహస్థుడిలా భయస్థుడే ఒప్పు. ‘స్తుడు’ గ్రామస్తుడు, కులస్తుడులలో తెలుగు ప్రత్యయంగా స్థిరపడింది గనక భయస్తుడు అని రాసినవాడికి నేనైతే మార్కులు తగ్గించను. భయగ్రస్తుడు వేరే మాట, భయం పట్టుకున్నవాడు, అక్కడ ఒత్తు మార్చరాదు. హాయిగా పిరికివాడు అనవచ్చు గదా అంటారేమో, అది తిట్టు. భయస్థుడు తిట్టు కాదు.