మళ్ళీ మళ్ళీ దిగదగ్గ రేవులు: అమ్మానాయినలతో క్రూజ్‌కు పోయే ముందు

ప్రశ్న: మాది మిర్యాలగూడ పక్కన పల్లె. డాలస్‌లో ఇద్దరం హెచ్‌1బీ మీద పనిచేస్తున్నాం. జూన్‌లో అమ్మానాయిన వస్తున్నారు. గాల్వెస్టన్ నుంచి క్రూజ్‌కు తీసుకుపోదామనుకుంటున్నాం. ఒక్కసారి చూసి వదిలేసేవి కాకుండా, ఇంకోసారి పోయినా విసుగు రాని రేవులు ఏవి?

జవాబు: టికెట్ కొనకముందే నలుగురి పాస్‌పోర్టులూ ముందు పెట్టుకొని వీసా స్టాంపుల తేదీలు చూడండి. జనన ధ్రువపత్రం ఉంటే చాలని ఆఫీసులో ఎవరైనా చెప్తే, అది అమెరికా పౌరుల సంగతి. మీ ఇద్దరికీ పాస్‌పోర్టు, గడువున్న వీసా స్టాంపు, ఐ-797 (హెచ్‌1బీ ఆమోదం తెలిపే కాగితం) మూడూ కావాలి, అమ్మానాయినలకు మొదటి రెండు. స్టాంపు తీరిపోయినా మెక్సికో, కెనడాలకు 30 రోజుల లోపు పోయి రావచ్చనే వెసులుబాటు ఉన్నమాట నిజమే. కానీ హెచ్‌1బీ వాళ్ళకు అది బహామాస్‌కు, జమైకాకు, హోండురాస్‌కు వర్తించదు. పైగా మెక్సికో మనల్ని వేరే వీసా అడగకుండా రానిచ్చేదే అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నందుకు. అది తీరిపోతే రెండు దిక్కులా చిక్కే. అమ్మానాయినల విషయంలో ఇంకో మాట: అయిదు రోజులు బయటికి పోయొస్తే ఆరు నెలల లెక్క మళ్ళీ మొదలవుతుందని ప్లాన్ చేసుకోవద్దు. పాత ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువే కొనసాగవచ్చు.

ఇక రేవుల సంగతి. సాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో పోయినవాళ్ళకు ఈ లెక్క తెలిసిందే. దిగినచోటి నుంచి చూడాల్సింది ఎంత దూరం, తిరుగు లాంచీ ఎన్నింటికి అనే రెండు ప్రశ్నల మీదే రోజంతా నడుస్తుంది. క్రూజ్ రేవూ అంతే. ఓడ ఎనిమిది గంటలు ఆగుతుందంటే దిగడానికి ముప్పావు గంట, గంట ముందే తిరిగి రావడం తీసేస్తే చేతికి ఆరు గంటలు మిగులుతాయి. ఆ ఆరు గంటలూ బస్సులో పోయే రేవుకు రెండోసారి ఎవరూ పోరు. ఓడ దిగగానే ఊరు మొదలయ్యేవి, కాలాన్ని బట్టి కొత్తగా కనిపించేవి, ఇవే మళ్ళీ పిలుస్తాయి.

మీ ఓడకు దగ్గరిది మెక్సికో దీవి కొజుమెల్. ఇక్కడ మూడు జెట్టీలున్నాయి. పుంతా లంగోస్తా జెట్టీలో కడితే శాన్ మిగెల్ ఊరు రోడ్డు దాటితే చాలు, మిగతా రెండిటి నుంచి టాక్సీ కావాలి. టాక్సీకి మీటరుండదు, రేటు బోర్డు ఉంటుంది. అది బండికా మనిషికా అని అడిగే ఎక్కండి. చాలామంది మొదటిసారే అవతలి ఒడ్డున లోపలికున్న మాయా శిథిలాలు చిచెన్ ఇట్సాకు పరుగెత్తుతారు. కొజుమెల్ నుంచి అది తప్పు ఎంపిక: ఫెర్రీలో ముప్పావు గంట, ఆపై బస్సులో రెండు గంటల పైన, తిరుగు ప్రయాణం మళ్ళీ అంతే. దానికి బదులు దీవి మీదే ఉన్న శాన్ హెర్వాసియో మాయా శిథిలాలు ఒకసారి, పగడపు దిబ్బల దగ్గర స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి కింద చూడటం) ఇంకోసారి పెట్టుకోండి. ఎండాకాలంలో సర్గాసమ్ అనే నాచు కరీబియన్ తీరానికి కొట్టుకొస్తుంది. తూర్పు వైపు ఇసుకంతా గోధుమరంగు కుప్పలై వాసనొస్తుంది. కొజుమెల్ పడమటి ఒడ్డుకు ఆ బాధ తక్కువ, నీళ్ళూ నెమ్మదిగా ఉంటాయి.

మెక్సికోలోనే ఉన్న ఇంకో రేవు ప్రోగ్రెసోను చాలామంది చులకన చేస్తారు, మా లెక్కలో మాత్రం అది మంచి రేవు. అక్కడ సముద్రం అడుగంతా సున్నపురాయి బల్ల, లోతు చాలా మెల్లగా పెరుగుతుంది. అందుకే ఓడ కోసం జెట్టీని ఆరున్నర కిలోమీటర్లు సముద్రంలోకి కట్టారు. ఒడ్డుకు ఉచిత బస్సు తీసుకుపోతుంది. అక్కడి నుంచి మెరిదా నగరం సుమారు 35 కిలోమీటర్లు, ఇంచుమించు నల్లగొండ నుంచి మిర్యాలగూడకు పోయినంత. ఈ ప్రాంతమైన యుకతాన్‌లో పైన పారే నదులు లేవు, వానంతా రాయిలోకి ఇంకిపోతుంది. ఆ రాతి కప్పు కూలినచోట ఏర్పడినవే సెనోతేలు. మన దిగుడుబావిలాగే మెట్లు దిగి నీళ్ళు చేరాలి. మెట్లు తడిగా ఉంటాయి, అమ్మకు రబ్బరు అడుగున్న చెప్పులు వేయించండి. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుని దిగవచ్చు. ఒక్కోసారి ఒక్కో సెనోతే చూసినా ఏళ్ళు పడుతుంది.

ఇక్కడ మన వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది గడియారం దగ్గర. ఓడ సాధారణంగా బయలుదేరిన ఊరి టైమే పాటిస్తుంది, ఫోను మాత్రం ఒడ్డు టైముకు మారిపోతుంది. జూన్‌లో గాల్వెస్టన్ టైము, కొజుమెల్ టైము ఒకటే. ప్రోగ్రెసో ఒక గంట వెనక. అక్కడ ఫోనులో మూడున్నర చూపిస్తుంటే ఓడలో నాలుగున్నర అయి ఉంటుంది. మయామి నుంచి పోతే ఎండాకాలంలో కొజుమెల్‌లోనూ ఇదే తేడా. ఓడలోని గడియారం చూసి పెట్టుకున్న మామూలు చేతి వాచీ ఒకటి నాయిన చేతికి కట్టండి, అందరూ దాన్నే అడగండి. ఓడవాళ్ళ టూరులో ఆలస్యమైతే వాళ్ళదే బాధ్యత. మీరే మాట్లాడుకున్న టాక్సీ ఆలస్యమైతే ఓడ ఆగదు.

భోజనం: బుకింగ్‌లోనే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించి, మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కు మళ్ళీ చెప్పండి. మర్నాటి కూర ముందురోజే అడిగితే వండి పెడతారు. రైస్ కుక్కరు, కరెంటు కెటిల్ తనిఖీలో పట్టుకుని ఆఖరి రోజు ఇస్తారు. ఇంట్లో చేసిన సకినాల డబ్బాను చాలా ఓడలు ఒప్పుకోవు, కంపెనీ సీలున్న తొక్కు సీసా అయితే మామూలుగా పోనిస్తారు. మెక్సికోలో చిక్కుడు గింజల ముద్ద శాకాహారమే కదా అని తినేయవద్దు, పందికొవ్వులో వేయిస్తారు. అన్నం కోడి రసంలో ఉడికించడమూ ఉంది. 'సిన్ కార్నే, సిన్ మాంతేకా, సిన్ కాల్దో దే పోయో' అనండి. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉంచండి, లోపలికి పంపిన పెట్టె గదికి చేరేసరికి పొద్దుగూకుతుంది. అమ్మానాయినల ఇన్సూరెన్స్ అమెరికా బయట, సముద్రం మీద పనిచేస్తుందో లేదో కాగితంలో చదవండి. ఓడలోని డాక్టరు బిల్లు నేరుగా మీ కార్డు మీద పడుతుంది.

ఫ్లోరిడా నుంచి పోయేవాళ్ళు ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ ఉన్న రూటు చూసుకోండి. పాత ఊరి జెట్టీలో కడితే నీలిరంగు రాళ్ళు పరిచిన వీధులు అక్కడే మొదలు. పోయేటప్పుడు టాక్సీలో ఎల్ మోరో కోట దాకా ఎక్కి, నడుస్తూ దిగండి, మోకాళ్ళకు సుఖం. కోట ముందరి పచ్చిక మైదానంలో గాలి ఆగదు, జనం గాలిపటాలు ఎగరేస్తుంటారు. ఓడ మధ్యాహ్నం చేరితే ముందు కోటకే పొండి, సాయంత్రం మూసేస్తారు.

స్టాంపు తీరిపోయి కూర్చున్నవాళ్ళకు ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే ఓడ ఉంది. అమెరికా జెండా మీద హొనొలులు నుంచి హవాయి దీవుల మధ్యే ఏడు రోజులు తిరుగుతుంది, దేశం దాటదు. కహులుయి, నవిలివిలి రేవుల్లో రాత్రి కూడా ఆగుతుంది. హిలోలో దిగితే అగ్నిపర్వతాల జాతీయ పార్కు ముప్పావు గంట దూరం. కోనాలో మాత్రం చిన్న పడవలోకి మారాలి, అల ఎక్కువుంటే పెద్దవాళ్ళను దించకండి.

అన్నిటికన్నా ఎక్కువసార్లు పోదగ్గవి అలాస్కా రేవులు. జూనోలో మెండెన్‌హాల్ హిమనదం ఏటా వెనక్కి పోతోంది, అయిదేళ్ళ తర్వాత పోతే వేరే దృశ్యం. అక్కడి నగ్గెట్ జలపాతం దాకా దారి చదునుగా ఉంటుంది, పెద్దవాళ్ళూ నడవగలరు. కెచికాన్‌లో ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన, మన నల్లగొండలో పడేది అందులో దాదాపు అయిదో వంతు. గొడుగు కాదు, వానకోటు కొనండి. ఆగస్టులో పోతే ఊరి మధ్య వాగులో సాల్మన్ చేపలు ఎదురీదుతూ కనిపిస్తాయి, మేలో అవి ఉండవు. స్కాగ్వేలో 1900లో పూర్తయిన వైట్ పాస్ రైలు సుమారు 2,900 అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, లోయంతా అటే.

కానీ సియాటిల్ నుంచి పోయే ఆ ఓడలు 1886 నాటి చట్టం వల్ల దారిలో ఒక కెనడా రేవులో ఆగి తీరాలి. విక్టోరియాలో దిగకుండా గదిలోనే కూర్చుంటామన్నా మీకూ అమ్మానాయినలకూ కెనడా విజిటర్ వీసా ఉండాల్సిందే, గ్రీన్‌కార్డు వాళ్ళకే మినహాయింపు. కాబట్టి ఈ జూన్‌కు గాల్వెస్టన్ నుంచి కొజుమెల్, ప్రోగ్రెసో కలిసిన రూటు తీసుకోండి. అలాస్కాకు కెనడా స్టాంపు నలుగురి చేతికీ వచ్చాకే డిపాజిట్ కట్టండి.