షిప్ ఆగిన ఊళ్లో ఎలా తిరగాలి? సాయంత్రం నాలుగింటి నుంచి వెనక్కి లెక్కేయండి

అమ్మానాన్నలతో మెడిటరేనియన్ క్రూయిజ్‌కి వెళ్తున్నామని, బార్సిలోనా, రోమ్, నేపుల్స్‌లో షిప్ పగటిపూట మాత్రమే ఆగుతుందని రాశారు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు కాబట్టి షిప్ వాళ్ల టూర్ తీసుకోవాలా, హాప్-ఆన్ హాప్-ఆఫ్ బస్సు (ఒకే టికెట్‌తో కావాల్సిన చోట దిగి, మళ్లీ వెనకొచ్చే బస్సు ఎక్కే టూరిస్టు బస్సు) ఎక్కాలా, టాక్సీ మాట్లాడుకోవాలా, రైలెక్కాలా అని అడిగారు. మా అత్తయ్యని తీసుకెళ్లినప్పుడు మేమూ సరిగ్గా ఇదే తర్జనభర్జన పడ్డాం. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

సాయంత్రం నాలుగింటికి మీరు ఎక్కడుంటారు, అక్కడి నుంచి షిప్ దాకా ఏ బండి నమ్మకంగా దొరుకుతుంది? ముందు ఇది తేల్చుకోండి. పొద్దున సంగతి తర్వాత. పొద్దున బండ్లకేం కొదవ ఉండదు, పోర్టు గేటు దగ్గరే పిలిచి మరీ ఎక్కించుకుంటారు. సాయంత్రం కథ వేరు. ఒక్కో పెద్ద షిప్‌లో మూడు నుంచి అయిదు వేల మంది ఉంటారు. అలాంటివి రెండు మూడు ఒకే రోజు ఆగాయంటే, ఆ జనమంతా ఒకేసారి ఒకే వైపు మళ్లుతారు. పొద్దున ఖాళీగా కనిపించిన బస్సు అప్పుడు కాలు పెట్టే సందు లేకుండా వస్తుంది, లేదా ఆగకుండానే పోతుంది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. ఎనిమిది నుంచి అయిదు దాకా షిప్ ఆగుతుందని కాగితం మీద ఉంటే, తొమ్మిది గంటలు మన చేతిలో ఉన్నాయని సంబరపడిపోతాం. షిప్ రేవుకి కట్టాక దిగడానికి అధికారుల క్లియరెన్స్ రావాలి, షిప్ వాళ్ల టూర్లు తీసుకున్న వాళ్లు ముందు దిగాలి, తర్వాత లిఫ్టుల దగ్గర రద్దీ తగ్గాలి. పెద్దవాళ్లతో బయటపడేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. ఇక ఆల్ అబోర్డ్ టైము, అంటే అందరూ షిప్ ఎక్కేసి ఉండాల్సిన టైము, షిప్ కదిలే టైముకి కనీసం అరగంట ముందే ఉంటుంది, కొన్ని పోర్టుల్లో గంట. దానికి ఇంకో గంట ముందే గేటు దగ్గరుండాలని మీరే ఒక హద్దు పెట్టుకోండి. అలా కోసుకుంటూ పోతే ఊళ్లో గడపడానికి మిగిలేది అయిదున్నర, ఆరు గంటలు. అందులోనే భోజనం, బాత్రూములు, అమ్మ కాసేపు కూర్చోవడం. ఆరు చోట్లు చూపిస్తానన్న బ్రోషర్ నమ్మి వెళ్తే ఆరింటినీ బస్సు కిటికీలోంచి చూసి వస్తారు.

మీ మొదటి ఊరు బార్సిలోనా కాబట్టి అక్కడ మాకు జరిగింది చెప్తాను. పెద్ద షిప్‌లు ఎక్కువగా ఆగేది అదోస్సాత్ అనే పొడవాటి రేవులో. దాని మీద టెర్మినల్స్ వరసగా ఉంటాయి, ఏ, బీ, సీ అని అక్షరాలతో. ఊళ్లోకి రావాలంటే ఒక వంతెన దాటాలి. షటిల్ బస్సు కొలంబస్ స్తంభం దగ్గర దింపుతుంది. 60 మీటర్ల ఎత్తుంటుంది కాబట్టి ఆ స్తంభం దూరం నుంచే కనిపిస్తుంది. లా రాంబ్లా వీధి మొదలయ్యేది అక్కడే, మెట్రో స్టేషన్ ఉన్నదీ అక్కడే.

మాతో మా ఆడపడుచు వాళ్లు కూడా వచ్చారు. వాళ్లు హాప్-ఆన్ బస్సే ఎక్కుతామన్నారు, టికెట్లు ముందే కొనేశారు. అత్తయ్యతో మేం టాక్సీ ఎక్కాం. షటిల్ కోసం నిలబడి, మళ్లీ మెట్రో మెట్లు దిగి, లైను మారి, ఇంత ప్రయాస ఆవిడ మోకాళ్లకి వద్దనుకున్నాం. సగ్రదా ఫమీలియా అనే పెద్ద చర్చికి టైము వేసిన టికెట్లు ఆన్‌లైన్లో తీసుకుని ఉన్నాం. అక్కడ టైము స్లాటు పద్ధతి కాబట్టి ముందే తీసుకోవాలి, అప్పటికప్పుడు దొరుకుతాయన్న ధీమాతో పోవద్దు.

1882లో మొదలుపెట్టిన ఆ చర్చి లోపల అత్తయ్య తల పైకెత్తి ఎంతసేపు నిలబడిందో! రాతి స్తంభాలు పైకి పోతూ చెట్ల కొమ్మల్లా చీలిపోతాయి, రంగు అద్దాల్లోంచి ఒక పక్క నీలం వెలుగు, ఇంకో పక్క నారింజ వెలుగు పడుతుంది. బయటికొచ్చాక ఎదురుగా పార్కులో చిన్న చెరువు, బెంచీలు ఉన్నాయి. నీళ్లలో గోపురాల నీడ పడుతుంటే అక్కడే గంట కూర్చున్నాం. ఇంకెక్కడికీ వెళ్లలేదు. ఆ రోజు ఇంకేదో చూడాల్సిందని మాలో ఎవరికీ అనిపించలేదు.

మేం అక్కడ కూర్చుని ఉండగానే ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, పార్క్ గ్యూయెల్ దగ్గరున్నాం, రెండు బస్సులు నిండిపోయి వెళ్లిపోయాయి. పిల్లాడు ఎండకి సొమ్మసిల్లేలా ఉన్నాడు" అంది. ఆ బస్సు స్టాపు నుంచి పార్కు గేటు దాకా ఎత్తు ఎక్కుతూ నడవాలి. వాళ్లు ఎక్కి, గేటు దగ్గర ఆ పూట టికెట్లు లేవంటే మళ్లీ దిగొచ్చారు. ఆ బస్సు ఒక వైపే తిరుగుతుంది. వచ్చిన దారిన వెనక్కి పోదు, మిగిలిన చుట్టంతా తిరిగితేనే మొదటికి వస్తుంది. ఒక చుట్టుకి రెండు గంటల దాకా పడుతుంది. మా ఆయన ఫోన్ తీసుకుని "టాక్సీ ఆపి ఎక్కేయండి, బస్సు డబ్బులు పోతే పోనీ" అన్నాడు. అక్కడి టాక్సీలు నలుపు, పసుపు రంగుల్లో ఉంటాయి, ఖాళీగా ఉంటే పైన ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. వాళ్లకి దొరికింది, టైముకే వచ్చారు. కానీ సగ్రదా ఫమీలియాని బస్సు పైనుంచి తప్ప చూడనేలేదు.

అందుకే పెద్దవాళ్లున్నప్పుడు, గంటలు లెక్కపెట్టుకోవాల్సిన రోజున హాప్-ఆన్ బస్సు ఎక్కొద్దని నేను గట్టిగా చెప్తాను. ఊళ్లో మూడు రోజులుండే వాళ్లకి అది బాగుంటుంది. షిప్ దిగినవాళ్లకి, ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి, పైడెక్కు మెట్లెక్కి ఎండలో కూర్చోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. నలుగురికి కొనే బస్సు టికెట్ల డబ్బుతో బార్సిలోనాలో టాక్సీలో హాయిగా పోయి రావచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు మా టాక్సీ డ్రైవరు అడిగిన మొదటి మాట "ఏ టెర్మినల్?" అని. షిప్ పేరు చెప్తే చాలదు. ఆ రేవు మీద ఒకేలాంటి తెల్లటి షిప్‌లు వరసగా నిలబడి ఉంటాయి, టెర్మినల్‌కీ టెర్మినల్‌కీ మధ్య నడక దూరం తక్కువేం కాదు. పొద్దున దిగగానే అత్తయ్య "అమ్మాయ్, ఆ బోర్డు ఓ ఫోటో తీసి పెట్టు, సాయంత్రం పనికొస్తుంది" అంది. ఆ ఫోటో చూపిస్తే డ్రైవరు తలూపి నేరుగా షిప్ ఎక్కే గ్యాంగ్‌వే ఎదుట దింపాడు. మీరు కూడా ప్రతి పోర్టులో దిగగానే టెర్మినల్ పేరు కనిపించేలా ఒక ఫోటో తీసుకోండి. షిప్‌లో రోజూ ఇచ్చే కాగితం మీద పోర్టు ఏజెంటు (ఆ ఊళ్లో షిప్ కంపెనీ తరఫున పనులు చూసే మనిషి) ఫోన్ నంబరు ఉంటుంది, దాన్నీ ఫోటో తీసుకోండి. ఆలస్యమైతే మొదట ఫోన్ చేయాల్సింది ఆ నంబరుకే.

గడియారం సంగతి కూడా చూసుకోండి. కొన్ని షిప్‌లు పోర్టు మారినా టైము మార్చవు. ఫోన్ మాత్రం దానంతటదే ఊరి టైముకి మారిపోతుంది. ఆల్ అబోర్డ్ టైము షిప్ గడియారం ప్రకారమే. చేతికి ఒక మామూలు వాచీ పెట్టుకుని దానికి షిప్ టైము పెట్టేస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఇప్పుడు రోమ్. నాకు అసలు కోపం వచ్చేది ఇక్కడే. బ్రోషర్ మీద పెద్ద అక్షరాలతో రోమ్ అని వేస్తారు. షిప్ ఆగేది చివితావెక్కియాలో, రోమ్‌కి 70 కిలోమీటర్ల పైన. ఇలాగే పారిస్ అంటారు, ఆగేది లె హావ్ర్‌లో, అది పారిస్‌కి 200 కిలోమీటర్ల దూరం. బెర్లిన్ అని వార్నెమ్యూండెలో దింపుతారు, రాను పోను రోజంతా దారిలోనే పోతుంది. ఫ్లోరెన్స్ అన్నది లివోర్నో. డబ్బు కట్టేవాళ్లకి ఊరి పేరు పక్కన దూరం కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. ఎంతోమంది టికెట్ కొన్నాక గానీ మ్యాపు తెరవరు.

ఇలాంటి దూరపు పోర్టుల్లో పెద్దవాళ్లుంటే షిప్ వాళ్ల బస్సే తీసుకోండి. గైడు వద్దనుకుంటే రోమ్‌లో దింపి సాయంత్రం ఎక్కించుకునే బస్సు మాత్రమే తీసుకోవచ్చు, చాలా షిప్‌లలో అది విడిగా అమ్ముతారు. డబ్బు ఎక్కువే. కానీ వాళ్ల బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షిప్ ఆగుతుంది, లేదా తర్వాతి పోర్టుకి వాళ్లే చేరుస్తారు. మీ అంతట మీరు వెళ్లి ఆలస్యమైతే షిప్ వెళ్లిపోతుంది. తర్వాతి పోర్టు దాకా ఖర్చు, వీసా తలనొప్పి అన్నీ మీవే.

రైలే కావాలంటే దాని పద్ధతి దానికుంది. షిప్ దగ్గర నుంచి ఉచిత షటిల్ లార్గో దెల్లా పాచె అనే చోటు దాకా వస్తుంది, అక్కడి నుంచి స్టేషన్‌కి ఇంకో బస్సో, నడకో. రోమ్‌కి వెళ్లేటప్పుడు అందరూ చివరి దాకా, అంటే తెర్మినీ అనే పెద్ద స్టేషన్ దాకా పోతారు. వాటికన్ చూడాలనుకుంటే అక్కడిదాకా పోవద్దు, రోమా సాన్ పియెత్రో స్టేషన్లో దిగండి. సెయింట్ పీటర్స్ చర్చి అక్కడి నుంచి నడిచిపోయేంత దగ్గర. వెనక్కి కూడా అక్కడే ఎక్కండి. తెర్మినీలో చివితావెక్కియా రైళ్లు మామూలుగా 25 దాటిన ప్లాట్‌ఫారాల నుంచి బయల్దేరతాయి. స్టేషన్ ముందు నుంచి అక్కడికి పది నిమిషాల నడక ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో అయితే ఇంకా ఎక్కువ. లోకల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు మెషీన్లో స్టాంపు వేయించుకోవాలి, లేకపోతే ఫైను పడుతుంది.

ఇటలీలో రైలు సమ్మెలు మామూలే. సమ్మె రోజున కూడా పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కొన్ని రైళ్లు తప్పకుండా నడపాలన్న నియమం ఉంది, అది కూడా పనిదినాల్లో. ఆఫీసులకి పోయే వాళ్ల కోసం పెట్టిన వేళలవి. పొద్దున ఎనిమిదింటి రైలు దొరికింది కదా అని ధైర్యంగా పోతే, మూడింటికో నాలుగింటికో తిరుగు రైలు ఉండకపోవచ్చు. ఆరు దాకా ఆగితే షిప్ ఉండదు. సమ్మె తేదీలు ముందే ప్రకటిస్తారు, కాబట్టి వెళ్లే వారం చూసుకోండి.

షిప్‌లో మిమ్మల్ని భయపెట్టే వాళ్లు కూడా ఉంటారు. ముందు రోజు థియేటర్లో పెట్టే ఉపన్యాసంలో, బయట సొంతంగా తిరిగితే దొంగలు, మోసాలు అని ముప్పావుగంట చెప్పి, చివర్లో ఏ నగల దుకాణంలో కొనాలో మ్యాపు చేతిలో పెడతారు. మా షిప్‌లో కూడా అదే జరిగింది. మెట్రో స్టేషన్ ఎక్కడుందో చెప్పమంటే షిప్‌లో టూర్లు అమ్మే కౌంటర్ దగ్గరున్న అమ్మాయికి తెలియదు. దూరపు పోర్టులో వాళ్ల బస్సు టికెట్ కొనండి, ఊరు పోర్టుకి ఆనుకుని ఉంటే వాళ్ల మాట పట్టించుకోకండి.

నేపుల్స్ అలాంటి ఊరే. షిప్ దిగి రోడ్డు దాటితే కోట, దాని వెనక వీధులు. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ ఊరు పాంపే చూడాలంటే గరిబాల్ది స్టేషన్ నుంచి చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైలు ఉంది, ముప్పావుగంట లోపే పాంపే స్కావి స్టాపులో దింపుతుంది. వేసవిలో ఆ రైల్లో నిలబడే పోవాల్సి వస్తుంది, ఏసీ ఉంటుందని ఆశ పెట్టుకోకండి, జేబులు జాగ్రత్త. పాంపేలో కింద ఎగుడుదిగుడు బండరాళ్లు, నీడ తక్కువ. మీ నాన్నగారికి చూడాలని గట్టిగా ఉంటే రాను పోను టాక్సీ మాట్లాడుకుని, ఎక్కే ముందే రేటు ఖాయం చేసుకుని, లోపల రెండు గంటలే తిరగండి. అంత పట్టుదల లేకపోతే పోర్టు నుంచి కాస్త నడిచి గాలెరియా ఉంబెర్తో అనే అద్దాల పైకప్పు బజారు చూసి, దాని ఎదురుగా ఉన్న ఫ్యునిక్యులర్ (తాడుతో కొండెక్కే రైలు) ఎక్కండి. అది కొండ మీదున్న వోమెరో అనే పేటకి తీసుకెళ్తుంది. అక్కడి నుంచి సాంత్ ఎల్మో కోట దగ్గర, కాస్త నడక, లేదా చిన్న టాక్సీ. పైనుంచి వెసూవియస్ అగ్నిపర్వతం, సముద్రం, కింద మీ షిప్ అన్నీ కనిపిస్తాయి. ఎంతసేపు కూర్చున్నా అరగంటలో వెనక్కి దిగిపోవచ్చు. మీ అమ్మానాన్నలతో అయితే నేను ఇదే చేస్తాను.