మెడ ధమనిలో 75 శాతం పూడిక: ఆపరేషన్ పండుగ దాకా ఆపవచ్చా?

మీ నాన్నగారికి 68 ఏళ్లని, షుగరు ఉందని, మెడ నాళాల్లో రక్తప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్ పరీక్ష డాప్లర్‌లో ఎడమ కెరోటిడ్ ధమని 75 శాతం పూడిందని, ఆపరేషన్ పండుగ అయ్యాక చేయించవచ్చా అని అడిగారు. ఆ శాతం కన్నా మీరు చివర్లో ముక్తసరిగా రాసిన మాటే నాకు ముఖ్యంగా కనిపించింది: పోయిన వారం ఆయన ఎడమ కంటికి తెర దించినట్టు అయిదు నిమిషాలు చూపు పోయి, తిరిగి వచ్చిందన్నారు. పూడిక నుంచి ఊడిన చిన్న ముక్క అదే వైపు కంటి నాళంలో చిక్కుకుని కరిగిపోయినప్పుడు ఇలా జరుగుతుంది కనుక, వైద్యులు దీన్ని పక్షవాతానికి ముందు హెచ్చరికగానే చూస్తారు.

లక్షణాలేవీ లేకపోతే చాలామందికి మందులతోనే నెట్టుకురావచ్చు. ఇలాంటి లక్షణం కనిపించి, పూడిక 70 శాతం దాటినవారికి మాత్రం ధమనిని తెరిచి కొవ్వు పొరను తీసేసే ఎండార్టెరెక్టమీ పక్షవాతం ముప్పును బాగా తగ్గిస్తుందని 1991లో వెలువడిన ఉత్తర అమెరికా అధ్యయనం చూపింది; లక్షణం కనిపించిన రెండు వారాల్లోపు చేస్తే మేలు ఎక్కువ. కాబట్టి పండుగ దాకా ఆగవద్దని నా అభిప్రాయం.

డాప్లర్ ఆ శాతాన్ని నేరుగా కొలవదు, రక్తవేగాన్ని బట్టి అంచనా కడుతుంది. రిపోర్టులో పీఎస్‌వీ (రక్తం అత్యధిక వేగం) అనే అంకె సెకనుకు 230 సెంటీమీటర్లు దాటిందేమో చూడండి; దాటితే పూడిక 70 శాతం పైనేనని అంచనా. సీటీ యాంజియోగ్రామ్‌తో నిర్ధారించుకోవడం మంచిది, అయితే అందులో ఎక్కించే రంగుమందు మూత్రపిండాలకు భారం కావచ్చు, ఆయన షుగరు ఉన్నవారు కూడా కాబట్టి ముందు వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడమనండి.

ఆపరేషన్‌కు బదులు ధమని లోపల అమర్చి దాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం, అంటే స్టెంటు గురించి కూడా అడిగారు. గతంలో మెడకు రేడియేషన్ ఇచ్చినవారికి, గుండె బాగా బలహీనంగా ఉన్నవారికి అది తగినదే కానీ, 70 ఏళ్లకు చేరువైనవారిలో ప్రక్రియ సమయంలో పక్షవాతం ముప్పు ఆపరేషన్‌తో పోలిస్తే దానిలోనే ఎక్కువ.

వైద్యులు రాసిన ఆస్పిరిన్, స్టాటిన్ మాత్రలను సొంతంగా ఆపవద్దు. మళ్లీ చూపు పోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా తగ్గేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.