కాళ్ళు పడిపోయిన పెట్ట: మందు పోసే ముందు చూడవలసినవి

మీది నరసన్నపేట దగ్గర పల్లె. ఏడాది వయసున్న కోడిపెట్ట మూడు రోజులుగా లేవడం లేదు, రెండు కాళ్ళూ పడిపోయాయి, నోటి దగ్గర పెడితే మేత తింటోంది, ఇంట్లోవాళ్ళు కోసేద్దామంటున్నారు, బతికించే దారి ఉందా అని అడిగారు. ఉందో లేదో ముందు ఆ కాళ్ళే చెప్పాలి. నాకు ఈ కష్టం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి పెట్ట పోయింది, రెండోసారి పెట్ట లేచి తిరిగింది. రెండుసార్లూ చేసిన సేవ మాత్రం ఒకటే. అందుకే ఏ మందు పోయాలి అన్న ప్రశ్నకు ముందు, కాళ్ళు ఎందుకు పడిపోయాయి అన్న ప్రశ్న ఉందని నమ్ముతాను.

మాది చీపురుపల్లి వైపు. మొదట పడిపోయింది నాటు కాకి పెట్ట, అంటే నల్ల ఈకలది, నాలుగు నెలల పిల్ల. ఒక రోజు కుంటింది, మూడో రోజుకు ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచుకుని పక్కకు ఒరిగిపోయింది. ఎవరో తొక్కి ఉంటారనుకున్నాను. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి రాశాను, బి కాంప్లెక్స్ చుక్కలు వేశాను. అత్తయ్య మాత్రం మొదటి రోజే, "కుంటి కోడికి వైద్యం ఏమిటమ్మా, పులుసు పెట్టక" అన్నారు. వారం తరువాత పశువుల డాక్టరు గారికి చూపిస్తే కాళ్ళు చూడగానే మారెక్స్ అన్నారు. 1907లో హంగేరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ ఇలా కాళ్ళు పడిపోయిన పుంజుల గురించి మొదట రాశాడు కాబట్టి ఆయన పేరే జబ్బుకు మిగిలింది. ఇది వైరస్. కాళ్ళకు వెళ్ళే నరాలు వాచి పనిచేయడం మానేస్తాయి. ఎక్కువగా రెండు నెలల నుంచి ఏడెనిమిది నెలల మధ్య వయసు కోళ్ళకు వస్తుంది. దీనికి మందు లేదు. టీకా ఉంది కానీ గుడ్డు నుంచి బయటపడిన మొదటి రోజే వేయాలి. హేచరీల్లో వేస్తారు. మన పెరట్లో పెట్ట పొదిగిన పిల్లలకు వేసేవారుండరు. కలిపిన టీకాను గంటా రెండు గంటల్లో వాడేయాలి, పది పిల్లల కోసం వందల డోసుల సీసా ఎవరు విప్పుతారు?

ఆ పెట్టను మూడు వారాలు చూశాను. ఆకలి తగ్గలేదు, ఒళ్ళు మాత్రం కరిగిపోయింది. రొమ్ము ఎముక చేతికి కత్తి వాదరలా తగిలేది. చివరికి నేనే డాక్టరు గారిని అడిగి ప్రాణం తీయించాను. బాధగానే ఉంది, కానీ ఇంకో వారం ముందే ఆ పని చేయించి ఉండవలసింది.

రెండోది గ్రామప్రియ పెట్ట. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసిన రకం ఇది. నాటు పెట్టలా పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చోదు, నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. మాకు అదే ముచ్చట. దానికి పెట్టిన మేత ఏమిటంటే నూకలు, తౌడు, మిగిలిన అన్నం. ఒక రోజు ఉదయం గంప ఎత్తేసరికి కూర్చున్న చోటే ఉంది, రెండు కాళ్ళూ పొట్ట కిందే ముడుచుకుని ఉన్నాయి. ముందు రోజు పెట్టిన గుడ్డు పెంకు వేలితో నొక్కితే లోపలికి పోయింది. అంతకు ముందు నాలుగైదు గుడ్లు కూడా పలచగానే ఉన్నాయని అప్పుడు గుర్తుకొచ్చింది.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి. ఒక గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలో అది దొరకకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. అలా ఎన్నాళ్ళు తీస్తుంది? ఒకనాటికి కాళ్ళు మోయలేవు. మా పక్కింటి వదిన, "చోళ్ళు పెట్టు, బలం" అంది. చోళ్ళలో, అంటే రాగుల్లో, కాల్షియం ఎక్కువన్న మాట నిజమే, వంద గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాములు. కోడి రోజుకు తినేదే వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ. మేతంతా చోళ్ళే పోసినా ఒక గుడ్డు పెంకుకు కావలసినదాంట్లో సుమారు ఆరో వంతే వస్తుంది. అదే ఒక చిన్న చెంచాడు గుల్ల పొడిలో రెండు గ్రాముల దాకా వస్తుంది. చెరువు గట్టున దొరికే నత్త గుల్లలైనా, ఇంట్లో గుడ్ల పెంకులైనా సరే, కడిగి పెనం మీద వేయించి నూరితే చాలు. డాక్టరు గారు రాసిన కాల్షియం ద్రవంతో పాటు దీన్ని తడి తౌడులో కలిపి పెట్టాను, ఉదయపు ఎండలో కూర్చోబెట్టాను. ఎండ తగలకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. నాలుగో రోజు పట్టుకుంటే నిలబడింది, తొమ్మిదో రోజు తానే నాలుగడుగులు వేసింది. గుడ్లు పెట్టని పిల్లలకు మాత్రం ఈ గుల్ల పొడి ఎక్కువగా పెట్టకండి, మూత్రపిండాలు పాడవుతాయి.

మీ పెట్టకు ఏడాది అంటున్నారు, తింటోంది అంటున్నారు. కాబట్టి నా అనుమానం మొదట గుడ్ల వైపే పోతోంది. పడిపోయే ముందు పెడుతూ ఉందా? పెంకు ఎలా ఉంది? తోక కింద, రొమ్ము ఎముక చివరకు వెనకగా మెత్తగా తడిమి చూడండి. గట్టిగా గుడ్డు తగిలితే అది లోపల అడ్డుపడి నరాలను నొక్కుతోందన్న మాట. అప్పుడు ఓర్చుకోగల వేడి నీళ్ళ తొట్టిలో పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. పిసకవద్దు, గుడ్డు లోపల పగిలితే పెట్ట దక్కదు. సాయంత్రానికి గుడ్డు రాకపోతే డాక్టరు దగ్గరికే. తరువాత పాదాల అడుగు చూడండి. నల్లటి చెక్కు కట్టి వాచి ఉంటే అది పుండు, పక్షవాతం కాదు. రెక్కల కింద పిడుదులు ఉన్నాయేమో వెతకండి. గోడ పగుళ్ళలో దాక్కుని రాత్రిళ్ళు కోడిని పట్టేవి కొన్ని ఉంటాయి, వాటి వల్ల కూడా కాళ్ళు చచ్చుబడతాయి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోవడం రెండు మూడు వారాల పిల్లల్లో అయితే బి2 లోపం. అక్కడ బి కాంప్లెక్స్ నిజంగా పనిచేస్తుంది, తొందరగా ఇస్తే. నాలుగు నెలల పెట్టకు అదే చుక్కలు వేసి వారం ఎదురు చూడడం నా మొదటి తప్పే.

ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఇంకో రెండు కోళ్ళు కూడా డీలాపడడం కనిపిస్తే అది కొక్కెర తెగులు కావచ్చు. అది మందల్ని ఊడ్చేస్తుంది. బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే మొదలుకావచ్చు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలు ఎంత నష్టపోయాయో చూశాం కదా. అలాంటప్పుడు కోడిని ఎక్కడికీ మోసుకెళ్ళకుండా పశువైద్య సిబ్బందికే కబురు చేయాలి. కోసి తినడం మాట కూడా ఎత్తవద్దు. ఏ జబ్బో తెలియని కోడిని కోసేటప్పుడు ఆ రక్తం, ఈకలు మీ చేతుల మీదే కదా పడేది. మందులు వాడిన కోడి గుడ్లు కూడా డాక్టరు చెప్పిన గడువు వరకు తినవద్దు.

ఇక రోజువారీ సేవ. మందకు దూరంగా పెట్టండి. మిగతావి పొడుస్తాయి, కాకి పెట్ట నెత్తి మీద నెత్తురు చూశాకగానీ నాకు తెలియలేదు. గోనె సంచి మీద వరిగడ్డి మందంగా పరచి రోజూ మార్చండి. ఒకే పక్కన పడుకోనివ్వకుండా మూడు నాలుగు గంటలకోసారి తిప్పండి. నేను రెండు రోజులు అశ్రద్ధ చేస్తే తోక కింద అంటుకున్న రెట్టలో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడ్డాయి. మన ఉక్కకు దానికి ఒక్క పూట చాలు. గోరువెచ్చటి నీళ్ళతో ఉదయం, సాయంత్రం కడిగి పొడి గుడ్డతో ఒత్తండి. నీళ్ళు నోట్లో పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చంపుతుంది. గిన్నె ముక్కు కిందకు తెస్తే అదే తాగుతుంది, లేకపోతే ముక్కు పక్కన చుక్క చుక్కగా తాకించండి.

అన్నింటికంటే పనికొచ్చింది ఉయ్యాల. టమాటాల ప్లాస్టిక్ ట్రే మీద మామయ్యగారి పాత పొందూరు ఖద్దరు కండువా అడ్డంగా బిగించాను. కాళ్ళకు రెండు కంతలు, రెట్టకు వెనక ఒకటి. కండువా కోసినందుకు ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. అందులో కూర్చోబెడితే పాదాలు నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి. మొదట ఇరవై నిమిషాలు, అలవాటయ్యాక గంట, రోజుకు మూడుసార్లు. రోజంతా వేలాడదీస్తే రొమ్ము దగ్గర ఒరిసిపోతుంది. ఉయ్యాలలో ఉన్నప్పుడు కాళ్ళను మెల్లగా చాపి ముడిచి, నడిచినట్టు ఆడించాను. నూనె రాయడం వల్ల ఒరిగిందేమీ కనిపించలేదు. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ఆ జోలికే పోవద్దు. మన నొప్పి మాత్రలు కూడా సొంతంగా వేయకండి.

రెండు రోజులకోసారి తూకం వేయండి, కొట్టులోని తక్కెడైనా చాలు. బరువు నిలబడి, పాదం గిల్లితే లాక్కుంటుంటే ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి. తింటున్నా బరువు దిగుతూ, ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కీ పోతుంటే మాత్రం దాని బాధను సాగదీయవద్దు. అది మారెక్సే అయితే గూడు దుమ్మంతా ఎత్తి పారేయండి. ఆ వైరస్ ఈకల పొట్టులో నెలల తరబడి బతుకుతుంది, కొన్నాళ్ళు కొత్త పిల్లల్ని అక్కడ వదలకండి.

తెగులు లక్షణాలు లేకపోతే రేపే దగ్గరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కాళ్ళు కట్టి తలకిందులుగా మాత్రం మోయవద్దు. నేను ఆ టమాటాల ట్రేలోనే, ఉయ్యాలతో సహా బస్సెక్కించాను. కండక్టరు ఒకసారి పెట్టను, ఒకసారి కండువాను చూసి, "దీనికి అర టికెట్టా, పూర్తి టికెట్టా?" అన్నాడు.