ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పిచ్చి పట్టిన అమ్మాయిని ఏం చదివించాలి?

చిత్తూరు నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. స్ఫటికం మీద రసాయన చర్య జరుగుతుండగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసిన వీడియో చూసి అదే చదువుతానంటోందట, బంధువులేమో బీటెక్ సీఎస్ఈలో వేసెయ్యమంటున్నారట.

సార్, ముందు అమ్మాయిని అంతగా పట్టేసిందేమిటో మీరూ తెలుసుకోండి. వెలుతురుతో చూసే మామూలు మైక్రోస్కోప్‌లో సుమారు 200 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు) కంటే చిన్నవి విడిగా కనిపించవు, ఎలక్ట్రాన్లతో అయితే పరమాణువుల వరసలే కనిపిస్తాయి. చిక్కల్లా ఎలక్ట్రాన్లు గాలిలో చెదిరిపోతాయి కాబట్టి లోపల శూన్యం ఉండాలి, చర్య జరగాలంటేనేమో వాయువు కావాలి. అందుకని నమూనా చుట్టూ మాత్రం కాస్త వాయువు వదిలి, మిగతా చోటునుంచి పంపులతో లాగేస్తూ ఉండే మైక్రోస్కోప్‌లు తయారుచేశారు. 2007లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న గెర్హార్డ్ ఎర్టల్ బృందం ప్లాటినం స్ఫటికం మీద కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కలవడం సుడులు తిరుగుతూ సాగడాన్ని ఇంకో రకం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసింది. కార్ల పొగను శుభ్రం చేసేటప్పుడు జరిగేదీ ఈ చర్యే.

అయితే ఎలక్ట్రాన్ల కిరణమే నమూనాను పాడుచేయొచ్చు, చర్యనూ అదే జరిపించి ఉండొచ్చు. కిరణం తగ్గించి ఒకసారి, అసలు కిరణం పడని చోట ఏమైందో ఒకసారి చూసి పోల్చితేగానీ ఎవరూ నమ్మరు. ఈ ఓపిక ఉందా అని అమ్మాయిని అడగండి, మార్కుల సంగతి తర్వాత.

మైక్రోస్కోప్ నడపడం నేర్పే చిన్న కోర్సుల జోలికి ఇప్పుడే పోవద్దు. నడపడం ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, కనిపించినదానికి అర్థం చెప్పాలంటే కెమిస్ట్రీ, ఫిజిక్స్ గట్టిగా రావాలి. సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థలు ఐసర్‌లు. 2015లో మొదలైన మన తిరుపతి ఐసర్‌లో డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బయాలజీ ప్రశ్నలు కూడా ఉంటాయి, ఎంపీసీ పిల్లలు అక్కడే తడబడతారు, రోజూ కాస్త చదవమనండి. సీటు రాకపోతే బీఎస్సీ కెమిస్ట్రీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఎటు వెళ్లినా పీహెచ్‌డీ తప్పదు. సంపాదన మొదలవడానికి బీటెక్ పిల్లలకంటే ఏళ్లు ఎక్కువ పడుతుంది, అది మీరు ముందే మనసులో పెట్టుకోవాలి. పీహెచ్‌డీకి ముందు రాసే నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది.

మీ బంధువుల మాటా పూర్తిగా తీసెయ్యకండి. ఈ కెమెరాలు సెకనుకు వందల ఫ్రేములు తీయగలవు, ఏ పరమాణువు ఎటు కదిలిందో కంటితో చూసి తేల్చలేం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కావాల్సిందే. ఇంటర్ పరీక్షలయ్యాక సెలవుల్లో మొదలుపెట్టించండి. ఈఏపీసెట్ కూడా రాయించండి, చేతిలో ఒక సీటు ఉంటే ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది.