కిల్స్ మీవే ఎక్కువున్నా గేమ్ ఎందుకు పోతోందంటే
డోటా 2లో (ఐదుగురు చొప్పున రెండు టీమ్‌లు తలపడే ఆన్‌లైన్ గేమ్) కిల్స్ మీ టీమ్‌వే ఎక్కువున్నా చివరికి ఓడిపోతున్నామన్నారు కదా, చిక్కంతా ఫైట్ గెలిచాక మీరు చేసే పనిలోనే ఉంది. అవతల ముగ్గురు చచ్చి రీస్పాన్ (మళ్లీ బతికి రావడం) కోసం చూస్తుంటే, మిగిలిన ఇద్దరి కోసం అడవిలో పడి పరిగెత్తడం దేనికండీ? దగ్గర్లోని లేన్‌లో (అవతలి బేస్‌కి వెళ్లే దారి) మీ క్రీప్స్‌తో (వాటంతటవే నడిచే చిన్న సైనికులు) కలిసి అవతలి టవర్ మీద పడండి, లేదా రోషన్‌ని (మ్యాప్‌లో ఉండే పెద్ద రాక్షసుడు) చంపి, వాడి దగ్గర పడే ఏజిస్‌ను మీ క్యారీని (చివర్లో గేమ్‌ను గెలిపించాల్సిన ప్రధాన హీరో) తీసుకోనివ్వండి, చచ్చినా అక్కడే మళ్లీ లేస్తాడు. అవతలి బేస్‌లోని ప్రధాన కట్టడం ఏన్షియంట్ కూలితేనే గెలుపు, కిల్స్ లెక్కలోకి రావు.

సపోర్ట్ (టీమ్‌కి సాయపడే పాత్ర) ఆడేవాళ్లు అబ్జర్వర్ వార్డ్‌లు (చుట్టుపక్కల అవతలివాళ్లను చూపించేవి) పెట్టడం మానొద్దు, ఒక్కోటి 6 నిమిషాలుంటుంది. మ్యాప్‌లో అవతలివాళ్లు ఇద్దరు కనపడటం లేదంటే మీ లేన్‌లో ముందుకెళ్లకుండా మీ టవర్ దగ్గరే లాస్ట్ హిట్స్ (గోల్డ్ కోసం క్రీప్స్‌ని చంపే చివరి దెబ్బలు) కొట్టుకోండి. చాట్‌లో తిట్టేవాడిని వెంటనే మ్యూట్ చేసేయండి, మ్యాప్ మీద సైగలిచ్చే పింగ్‌లు చాలు.