జీడిపిక్క బస్తాలో ప్రపంచ వార్త: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆర్థిక, అంతర్జాతీయ విషయాల మీద వార్తలు రాయాలని ఉంది. కానీ పలాసలో ఉండి ఢిల్లీ వార్తలు తిరగరాయడం తప్ప ఏం చేయగలను? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ విద్యార్థి, పలాస

జవాబు: మీ ఊళ్లో వీధి వీధికీ ఓ జీడి ఫ్యాక్టరీ ఉంది. అక్కడే మొదలుపెట్టండి. ఈ ఫ్యాక్టరీలు ఉద్దానం పిక్కతో పాటు ఆఫ్రికా పిక్కనూ ఆడిస్తాయి. పిక్క పండించడంలో ఐవరీ కోస్ట్, పప్పు ఎగుమతిలో వియత్నాం ప్రపంచంలో ముందున్నాయి. అంటే అక్కడి పంట, ఓడ కిరాయి, డాలరు విలువ మూడూ కాశీబుగ్గ దుకాణంలో పప్పు ధరను కదిలిస్తాయి.

ఎలా కదిలిస్తాయో ఓసారి లెక్క వేయండి. ఈ ధరలు ఊహించుకున్నవే, వార్తలో వాడకండి. టన్ను పిక్క 1,500 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. టన్ను 1,27,500 రూపాయలు. 80 కిలోల బస్తా 10,200. దిగుమతి పిక్క నాణ్యతను బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు వస్తుందన్న లెక్కతో చెబుతారు. 48 పౌన్లు అన్నారంటే 21.77 కిలోలు. అంటే కిలో పప్పులో పిక్క ఖర్చే దాదాపు 469 రూపాయలు. డాలరు 90కి చేరితే అది 496 అవుతుంది. సుంకం, కిరాయి, కూలి, తరుగు దీనికి అదనం.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. పౌన్లను కిలోలనుకుని 80 కిలోల పిక్కలో 48 కిలోల పప్పు వస్తుందని రాసేస్తారు. ఇంకో పొరపాటు: ఇవాళ డాలరు పెరిగిందని రేపే పప్పు ధర పెరుగుతుందనుకోవడం. ఫ్యాక్టరీలో ఇవాళ ఆడే పిక్క ఏ ధరకు, ఎప్పుడు కొన్నదో అడగండి. పాత నిల్వ ఉన్నంతకాలం కొత్త డాలరు రేటు పప్పు ధరలో కనబడకపోవచ్చు.

ధర అడిగితే రకం కూడా అడగాలి. గుండు పప్పుకో ధర, బద్దకో ధర, ముక్కకో ధర. డబ్ల్యూ 320 అంటే పౌనుకు సుమారు 300 నుంచి 320 గుండ్లు తూగే రకం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా ఎక్కువ. ఒక్క వ్యాపారి చెప్పింది ‘మార్కెట్ ధర’ అయిపోదు. కనీసం ముగ్గుర్ని అడిగి, తేదీ, పన్నుతో కలిపా, కలపకుండానా అన్నది పక్కనే రాసుకోండి. రైతును, పప్పు ఒలిచే కూలీని అడగకుండా రాస్తే అది వ్యాపారి గోడు మాత్రమే అవుతుంది. స్థానిక పంట గురించి రాసేటప్పుడు 2018 అక్టోబరు తిత్లీ తుపానునూ గుర్తుంచుకోవాలి. అందులో కూలిన జీడి చెట్టు స్థానంలో నాటిన మొక్క మరుసటేడే కాపునివ్వదు.

ప్రశ్న: ‘రెపో రేటు 0.25 శాతం తగ్గింది’ అని కాలేజీ గోడ పత్రికలో రాస్తే లెక్చరరు తప్పన్నారు. ‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అని రాస్తే ఇంట్లో నవ్వారు. ఏది సరి?
– ఓ విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీ లెక్చరరు మాట నిజమే. 2025 ఫిబ్రవరిలో ఆర్‌బీఐ రెపోను, అంటే బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాలిక అప్పు మీద వడ్డీ రేటును, 6.5 నుంచి 6.25 శాతానికి తెచ్చింది. తగ్గింది పావు శాతం పాయింటు, అంటే 25 బేసిస్ పాయింట్లు. శాతంలోనే చెప్పాలంటే, 6.5 మీద 0.25 దాదాపు 3.8 శాతం తగ్గుదల. పాత రేటు, కొత్త రేటు రెండూ రాసేస్తే ఈ గొడవే ఉండదు.

ఇంట్లోవాళ్ల నవ్వుకూ కారణముంది. ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ధరలు పెరిగే వేగం. కిలో 100 ఉన్న సరుకు ఏడాదికి 110 అయ్యి, మరుసటి ఏడాది 112 అయితే, ద్రవ్యోల్బణం 10 శాతం నుంచి 1.8కి పడినట్టే. అమ్మ మాత్రం 112 పెట్టే కొంటుంది. కాబట్టి ‘ధరలు తగ్గాయి’ అని శీర్షిక పెట్టకండి. ‘ధరల పెరుగుదల నెమ్మదించింది’ అనండి. కేంద్ర గణాంక శాఖ నెలనెలా 12న ఇచ్చే ద్రవ్యోల్బణం అంకె అంతకుముందు నెలది. రాష్ట్రాలకు విడిగా ఇస్తుంది, జిల్లాలకు ఇవ్వదు; ‘విజయనగరం జిల్లా ద్రవ్యోల్బణం’ అని రాయడానికి ఆధారం లేదు. దాని బదులు రైతు బజారు బోర్డు మీది ధరలు వారంలో ఒకే రోజున, ఒకే పది సరుకులకు రాసుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ నోటుబుక్కు ఏ ప్రకటనకూ తీసిపోదు.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: మిలియన్ 10 లక్షలు, బిలియన్ 100 కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. పెద్ద పత్రికల్లో కూడా సున్నాలు జారేది ఇక్కడే!

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. జూట్ మిల్లుల గురించి రాస్తానని ఆఫీసులకు వెళ్తానంటోంది. ప్రెస్ కార్డు ఇప్పిస్తామని ఒకరు డబ్బులడిగారు. కట్టమంటారా?
– ఓ తల్లి, బొబ్బిలి

జవాబు: కట్టకండమ్మా. ప్రశ్న అడగడానికి కార్డు అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005లో వయసు పరిమితి లేదు, కారణం చెప్పాల్సిన పనీ లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు. మండల స్థాయిలో 5, ఆపై 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ‘మిల్లు ఎందుకు మూశారు?’ అని రాస్తే వివరణ ఇవ్వలేమంటారు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు లేఆఫ్, లాకౌట్ నోటీసుల నకళ్లు ఇవ్వండి’ అని కార్మిక శాఖను అడగమనండి. లేఆఫ్ అంటే కార్మికులకు తాత్కాలికంగా పని ఇవ్వకపోవడం, లాకౌట్ అంటే యాజమాన్యమే మిల్లుకు తాళం వేయడం.

మిల్లు గేటు దగ్గరికి మాత్రం పెద్దవాళ్లు తోడు వెళ్లాలి. కార్మికుడు పేరు వద్దంటే నోటుబుక్కులోనే దాచాలి, ఫొటో కూడా వేయకూడదు. యాజమాన్యం మీద ఆరోపణ ఉంటే ప్రశ్నలు రాతపూర్వకంగా పంపి, రెండు మూడు రోజులు గడువిచ్చి, వాళ్ల జవాబు కలిపే అచ్చుకివ్వాలి. పత్రిక పారితోషికం ఇస్తానంటే ఒప్పందం మీద మీరే సంతకం చేయండి. మైనరు చేసిన ఒప్పందం చట్టం ముందు నిలవదు.